ఎక్స్‌రేలో సున్నపు మచ్చ: డబ్బు కట్టే ముందు ఒక మాట

తమ్ముడూ, గల్ఫ్ వెళ్దామనుకుంటే నీ ఎక్స్‌రే రిపోర్టులో ‘కాల్సిఫైడ్ నాడ్యూల్’, అంటే సున్నం కట్టిన గుళిక, అని వచ్చిందనీ, ఏజెంటు డబ్బు అడుగుతున్నాడనీ రాశావు. భయపడకు. మన దేశంలో చాలామందికి ఎప్పుడో టీబీ క్రిమి సోకుతుంది. ఒళ్ళే దాన్ని అణిచేసి, చుట్టూ సున్నం కట్టేస్తుంది. ఆ గుళికే ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలా పడుతుంది. అది ఎవరికీ అంటదు, దానివల్ల ఆయాసం రాదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఛాతీ డాక్టరుకు చూపించుకుని తెమడ పరీక్ష చేయించుకో.

డాక్టరు ‘నీకేం లేదు’ అన్నా గల్ఫ్ వెళ్ళేముందు చేసే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ పడొచ్చు. అక్కడ మానిపోయిన పాత మచ్చతోనూ పేచీయే. ఆ రూల్స్ గల్ఫ్ మెడికల్ పరీక్షల సైటు వాఫిద్‌లో చూసుకో. మా రోజుల్లో గామ్కా అనేవాళ్ళం.

నేను చేసిన తప్పు విను. 2004లో మెడికల్ కాకముందే ఏజెంటుకు డెబ్బై వేలు కట్టాను. అమ్మ బంగారం అమ్మితే నలభై వచ్చాయి, మిగతా ముప్పై వేలు నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. హైదరాబాద్‌లో అన్‌ఫిట్ పడింది. ‘ఇంకో పదిహేను వేలు ఇవ్వు, సెట్ చేస్తా’ అన్నాడు ఏజెంటు. అదే వడ్డీకి తెచ్చి ఇచ్చాను. ఫిట్ కాగితం చేతికొచ్చింది, విమానం ఎక్కాను.

దిగాక అక్కడ మళ్ళీ ఎక్స్‌రే తీస్తారని నాకెవరూ చెప్పలేదు. నెల తిరక్కుండా వెనక్కి పంపారు. విమానంలో ఊపిరితిత్తుల మీద ధ్యాసే లేదు. నలభై అయిదు వేలకు నెలకు పదమూడు వందల యాభై వడ్డీ, ఆ లెక్కే తిరిగింది బుర్రలో. సుతారి పని చేసుకుంటూ అది తీర్చడానికి నాలుగేళ్ళు పట్టింది. మీ కాలం పిల్లలకు ఆ నాలుగేళ్ళంటే ఏమిటో చెప్పినా అర్థం కాదులే.

ఇంకో తెలివితక్కువ పని, కోపంలో ఆ ఎక్స్‌రే ఫిల్మ్ చించేశాను. 2009లో సింగపూర్‌కు ప్రయత్నించినప్పుడు డాక్టరు మొదట అడిగింది ఆ పాత ఫిల్మే. రెండేళ్ళకు పైగా చుక్క పెరగలేదని చూపిస్తే సగం అనుమానం తీరేది. నా దగ్గర లేదు. సీటీ స్కాన్‌కు మళ్ళీ చేబదులు. సింగపూర్ వాళ్ళు చూసేది ఇప్పుడు టీబీ ఉందా అని, అందుకే పాసయ్యాను. ఈరోజు నా కింద నలభై మంది పనిచేస్తున్నారు, చెల్లెలి పెళ్ళీ చేశాను.

కాబట్టి నీ ఫిల్మ్, రిపోర్టు రెండూ భద్రంగా దాచుకో. మెడికల్ తేలేదాకా ఎవరికీ పైసా ఇవ్వకు. రిజిస్టర్డ్ ఏజెంటైనా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు.

మీ ఏజెంటు ‘సెట్ చేస్తా’ అని నలభై వేలు అడిగాడన్నావు. ఇచ్చేశావా? ఇచ్చి ఉంటే రసీదు ఉందా? ముందు అది చెప్పు.