షుగర్ ఉందని ఫిట్‌నెస్ పరీక్షలో చెబితే ట్యాక్సీ లైసెన్సు పోతుందా?

షుగర్ ఈమధ్యే బయటపడింది, మెడికల్ పరీక్ష దగ్గర పడింది, డాక్టరుకి చెప్పాలా వద్దా అని అడిగారు. చెప్పండి. 13 ఏళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నాను, ఒకసారి నేనూ దాచాను.

నేను దాచింది నిద్ర సంగతి. గురక ఉందా, పగలు నిద్ర ముంచుకొస్తుందా అని ఫారంలో అడిగితే రెండింటికీ లేదనే రాశాను. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారని మా ఆవిడ అప్పటికే మొత్తుకుంటోంది. కొన్నాళ్లకి, వెనక సీట్లో ప్యాసింజర్ ఉండగానే రెడ్ సిగ్నల్ దగ్గర కునుకు పట్టేసింది. హారన్లు మోగితే కళ్లు తెరిచాను. సిగ్నల్ ఎప్పుడో ఆకుపచ్చకి మారింది, కాలు మాత్రం బ్రేకు మీదే ఉంది. బండి కదులుతూ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అన్నారు. కొన్ని వారాలు బండి పక్కన పెట్టాను, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మెషిన్ మాస్కుతో పడుకోవడం అలవాటైంది, మళ్లీ చూసి ఫిట్ అని సంతకం పెట్టారు.

మీ విషయంలో డాక్టరు ముఖ్యంగా చూసేది, నడుపుతుండగా షుగర్ పడిపోయే ప్రమాదం ఎంత అని. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వాడేవాళ్లకి అది అరుదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలతో, ఇన్సులిన్‌తో ఆ ప్రమాదం ఎక్కువ. ఇన్సులిన్ తీసుకునే వృత్తి డ్రైవర్లకి చాలాచోట్ల నిబంధనలు కఠినంగానే ఉంటాయి, అందుకే మందుల చీటీ, ఇంట్లో చూసుకున్న రీడింగులు, గత 2-3 నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. షుగర్ 70 కంటే తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, చూపు మసకబారుతుంది. అలా అనిపించిన వెంటనే బండి పక్కకి ఆపి గ్లూకోజు తీసుకోండి. రీడింగు మామూలుకి వచ్చినా, తల పూర్తిగా తేరుకోవడానికి ఇంకో ముప్పావు గంట ఆగండి.

బీపీ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. నేను ఓసారి నైట్ డ్యూటీ దిగి నేరుగా వెళ్తే పై అంకె 160 చూపించింది. విశ్రాంతి తీసుకుని ఇంకోరోజు వెళ్తే 132. పరీక్షకి ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు, 5 నిమిషాలు ఊరికే కూర్చోండి.

కళ్లద్దాలుంటే మర్చిపోకుండా పట్టుకెళ్లండి. అక్షరాల చార్టు అయ్యాక డాక్టరు ఎదురుగా కూర్చుని, తన ముక్కునే చూడమని, పక్కనుంచి వేలు ఆడిస్తారు. కనిపించగానే చెప్పాలి. చాలామంది ఇక్కడ తల తిప్పేస్తారు, తిప్పకండి. గ్లాకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) ఉంటే మనకి తెలియకుండానే ముందు పోయేది ఈ పక్క చూపే, కాబట్టి ఇది మనకోసమే చేసే పరీక్ష. షుగర్ ఉంది కనక కంటి వెనక భాగం చూడటానికి చుక్కలు వేయవచ్చు. ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు బండి నడపడానికి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.