మెర్సిడెస్ అనేది అమ్మాయి పేరా? దాని అర్థం ఏమిటి, స్పెయిన్‌లో ఇప్పుడు ఎందుకు పెట్టడం లేదు?

బార్సిలోనాలో ఉద్యోగరీత్యా రెండేళ్లు ఉన్నప్పుడు, నేను అద్దెకు దిగిన ఇంటి యజమానురాలి పేరు అదే. డెబ్బై దాటిన ఆవిడను మొదటి వారంలోనే, పెద్ద చమత్కారం చేస్తున్నాననుకుని, "మీ నాన్నగారికి కార్లంటే అంత ఇష్టమా?" అని అడిగాను. ఆవిడ కోపగించుకోలేదు. పెనం మీద పళ్లెం బోర్లించి బంగాళాదుంపల ఆమ్లెట్టును తిరగేస్తూ, "బాబూ, మా పేరే కారుకు పెట్టారు" అన్నారు.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో జర్మన్ కంపెనీ డైమ్లర్ కార్లు అమ్మిన ఎమిల్ జెలినెక్, 1889లో పుట్టిన తన కూతురి పేరును వాటికి తగిలించగా, 1902లో అది వ్యాపార చిహ్నంగా నమోదైంది. వియన్నాలోని యూదు మతగురువుకు మనవరాలైన ఆ పిల్లకు మరియమాత బిరుదు పేరు కావడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అసలు పేరు 'మరియా దె లాస్ మెర్సిడెస్', అంటే కరుణల మరియ. 1218లో బార్సిలోనాలోనే పెరె నొలాస్క్ స్థాపించిన సన్యాసుల సంఘం, ముస్లిం రాజ్యాలలో బందీలైన క్రైస్తవులను డబ్బు కట్టి విడిపించేది. అవసరమైతే బందీకి బదులు తామే అక్కడ ఉండిపోతామని కూడా వారు ప్రమాణం చేసేవారు. ఈ పేరు ఆ సంఘం కొలిచిన మాతది. లాటిన్ మూలపదానికి కూలి, మూల్యం అనే అర్థాలుండేవి కనుక, చెల్లించిన వెల, చూపిన దయ రెండూ ఇందులో ఉన్నాయని నేనంటాను. పేర్ల అర్థాలు చెప్పే వెబ్‌సైట్లు మాత్రం 'దయ' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాయి. మన పేర్లలో సగానికి 'లక్ష్మీదేవి' అని రాసేదీ అవే. స్పానిష్‌లో గౌరవంగా 'మీరు' అనడానికి వాడే 'ఉస్తెద్' కూడా 'తమ దయ' అనే పాత సంబోధన అరిగిపోగా మిగిలినదే.

సెప్టెంబరు 24న ఆ మాత పండుగ. మా యజమానురాలికి పుట్టినరోజు కన్నా అదే ముఖ్యం. ఆ ఉదయం ఇరుగుపొరుగువారు ఆ ప్రాంతపు సొంత భాష అయిన కతలాన్‌లో 'మెర్సే' అని పిలుస్తూ వచ్చారు, చెల్లెలు ఫోనులో 'మెర్చె' అంది, గుర్తింపు కార్డులో మాత్రం మెర్సిడెస్ అని ఉంది. స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనలో పుట్టిన ఆవిడకు కతలాన్ పేరు నమోదు చేసే వీలే లేదు. ప్రాంతీయ భాషల పేర్లకు చట్టం దారి ఇచ్చింది 1977లో. అప్పటికి ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి.

ఆవిడ మనవరాలి పేరు మార్తినా. అమ్మమ్మ పేరు ఎందుకు పెట్టలేదని అడిగితే, "అది పుట్టుకతోనే ముసలిదానిలా వినిపిస్తుంది" అని కూతురు నవ్వేసింది. కారు వల్లే ఆ పేరు పోయిందని కొందరు అంటారు గానీ, నేను ఒప్పుకోను. మరియమాత బిరుదులను పిల్లలకు పెట్టే అలవాటే సడలిపోయి, లూసియా, సోఫియా వంటి పొట్టి పేర్లు వచ్చాయి. వేదనలు అనే అర్థమున్న డోలోరెస్, ఓదార్పు అనే అర్థమున్న కన్సుయెలో కూడా అమ్మమ్మల పేర్లుగానే మిగిలాయి. వాటి పేరు మీద ఏ కారూ రాలేదు కదా.