రెట్ట మచ్చ, మామగారి పంచె ముక్క

బానెట్ మీద పడిన పక్షి రెట్టను కడిగేసినా సరిగ్గా దాని ఆకారంలోనే మచ్చ మిగిలిపోయిందని, షాంపూ పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదని, ఇక చెట్టు కింద బండి పెట్టడం మానేయాలా అని మీరు అడిగారు. ముందు ఆ రుద్దడం ఆపండి. అక్కడ పోవలసిన మురికి ఏదీ లేదు. మీకు కనిపిస్తున్నది రంగు మీద గాజులా ఉండే క్లియర్ కోట్ దెబ్బతిని పడిన సన్నని గుంట, దానికి సబ్బుతో పని లేదు.

ఈ సంగతి నాకు మూడేళ్ల కిందట తెనాలిలో అనుభవమైంది. మే నెలలో మరదలి పెళ్ళికని అత్తగారింటికి వెళ్ళి, నా ముదురు నీలం రంగు కారును వీధి చివర రావిచెట్టు కింద నిలిపాను. పొద్దుగూకేసరికి కొంగలన్నీ వచ్చి వాలేది ఆ చెట్టు మీదనే అని నాకు ఎవరూ చెప్పలేదు, పెళ్ళి హడావుడిలో నేనూ తలెత్తి చూడలేదు. మూడో నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి మా మామగారు పాత పంచె ముక్కతో చేతులు తుడుచుకుంటూ, "అల్లుడుగారూ, బండిని ఆ అవతారంలో చూడలేకపోయానండీ, శుభ్రంగా తుడిచేశాను" అన్నారు. రెండు రోజుల ఎండకు సున్నపు పెచ్చులా గట్టిపడిన రెట్టను ఆయన చుక్క నీరైనా పోయకుండా, పొడి గుడ్డతో, డెబ్బై ఏళ్ల వయసులో తనకున్న బలమంతా పెట్టి గీకారు. బానెట్ మీద రూపాయి బిళ్ళంత మచ్చలు నాలుగు, వాటి చుట్టూ సాలెగూడులా గీతలు తేలాయి. మామగారిని ఏమనగలం? "మీకెందుకండీ శ్రమ" అని ఊరుకున్నాను.

పక్షులకు మూత్రం వేరుగా రాదు. రెట్టలో తెల్లగా కనిపించే భాగం అదే, యూరిక్ ఆమ్లపు ముద్ద. అది నీటిలో అంత తేలికగా కరగదు కనుక నానబెట్టాలే తప్ప పైపైన తుడిస్తే లాభం లేదు. మన వేసవిలో బానెట్ రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడికి పైపొర కొంత మెత్తబడి, రాత్రి చల్లబడేటప్పుడు ఎండిన రెట్ట ఆకారానికే బిగుసుకుంటుంది. కంపెనీ వేసిన రంగు పొరలన్నీ కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి, అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 నుంచి 50 మాత్రమే. అంటే మీరు రుద్దుతున్నది తల వెంట్రుక మందం కూడా లేని పొర. కాకి రెట్టకన్నా చేపలు తినే కొంగ రెట్ట చెడ్డదని నా గట్టి నమ్మకం, నా బానెట్‌ను చూసినవారెవరూ కాదనలేదు.

గుంటూరు తిరిగి వచ్చాక ఒక పాత పెయింటింగ్ షెడ్డుకు తీసుకువెళ్ళాను. ఆ పెయింటర్ ఏమీ మాట్లాడకుండా ఒక మగ్గు నీళ్ళు తెచ్చి బానెట్ మీద పోశాడు. మచ్చలు మాయమైపోయాయి. నేను సంతోషించేలోపే ఎండకు నీళ్ళు ఆరి, ఒక్కొక్కటిగా మళ్ళీ పైకి తేలాయి. "నీళ్ళు పోస్తే కనపడని మచ్చయితే మన చేతిలో ఉన్నట్టే సార్, ఇది పైపొరలోనే ఉంది" అని, వేలి గోరును ప్రతి మచ్చ మీదా అడ్డంగా లాగి చూశాడు. మూడింటి మీద గోరు జారిపోయింది, నాలుగోదాని అంచుకు తట్టుకుంది. ఆ మూడింటినీ 2000 నంబరు వాటర్ పేపర్‌ను, అంటే తడిపి వాడే చాలా సన్నని గరుకు కాగితాన్ని, సబ్బు నీటిలో ముంచి నాలుగైదు సార్లు మెల్లగా రుద్దాడు. అంతమేరా రంగు బూడిద పూసినట్టు తెల్లబోయేసరికి నా గుండె జారిపోయింది. తరువాత మిషన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి గీతలను అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్, దాని మీద స్పాంజి ప్యాడ్‌తో పాలిష్, చివర వ్యాక్స్ పట్టించేసరికి నా ముఖం అందులో కనిపించింది. నాలుగోదాన్ని మాత్రం ముట్టుకోనన్నాడు. ఇంకా గీకితే క్లియర్ కోట్ పూర్తిగా పోయి, కొన్నాళ్లకు ఎండకు అంచుల నుంచి పొలుసులు లేస్తుందని, అప్పుడు బానెట్ మొత్తానికి రంగు వేయించాల్సి వస్తుందని చెప్పాడు. డబ్బు వచ్చే పనిని వద్దన్న మనిషి మాట నమ్మాలనిపించి ఆ మచ్చను అలాగే వదిలేశాను.

మీకు ఈపాటికి టూత్‌పేస్టు, నిమ్మకాయ, థిన్నర్ అంటూ పది మంది పది సలహాలు ఇచ్చే ఉంటారు. టూత్‌పేస్టు నాసిరకం రబ్బింగ్ కాంపౌండ్ లాంటిది, నిమ్మకాయ ఆమ్లం మీద ఆమ్లం, థిన్నర్ రంగును పలచబరచడానికే పుట్టింది. వేలకు వేలు తీసుకొని సిరామిక్ కోటింగ్ వేసేవారు ఇక రెట్ట గురించి దిగులే అక్కరలేదంటారు కానీ, ఆ పూత కొంత వ్యవధి ఇస్తుందే తప్ప మే నెల ఎండలో రెండు రోజులు వదిలేసిన రెట్టను ఆపదు. మీ మచ్చ మీద నీళ్ళు పోసి చూడండి, గోరు లాగి చూడండి. గోరు జారిపోతే మంచి పాలిష్ పనివాడి దగ్గరికి వెళ్ళండి, తట్టుకుంటే దానితో కాపురం చేయడానికి సిద్ధపడండి. వాటర్ పేపర్ జోలికి మాత్రం ఇంట్లో మీరు పోవద్దు.

ఇక చెట్టు సంగతి. నేను ఇప్పటికీ చెట్టు కిందే నిలుపుతాను. తలుపు అరలో ఒక నీళ్ళ సీసా, ఒక మెత్తని గుడ్డ ఉంటాయి. రెట్ట కనపడగానే గుడ్డను బాగా తడిపి దాని మీద పది నిమిషాలు పరిచి, రుద్దకుండా పైకి ఎత్తేస్తాను. మా అపార్ట్‌మెంటు కమిటీవారు ఇంత కష్టం ఎందుకనుకొని, కార్లు పాడవుతున్నాయన్న ఫిర్యాదుల మీద గేటు పక్క కానుగ చెట్టు కొమ్మలన్నీ కొట్టించారు. ఇప్పుడు కార్లు రోజంతా ఎండలో కాగుతున్నాయి. కాకులు మాత్రం ఎక్కడికీ పోలేదు, సరిగ్గా అదే వరస మీదుగా వెళ్ళే కేబుల్ తీగల మీద కూర్చుంటున్నాయి.