హైస్కూల్లో విదేశీ భాషకు మంచి మార్కులొచ్చినా మాట్లాడటం ఎందుకు రాదు?

ప్రధాన కారణం పరీక్షే. దేనికి మార్కులుంటే క్లాసులో దాన్నే రుద్దుతారు. ప్రశ్నపత్రం నిండా క్రియారూపాలు, అనువాదాలే ఉంటే పిల్లల చేత మాట్లాడించే తీరిక టీచరుకు ఎక్కడిది?

యూరప్ దేశాల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన, భాషా సామర్థ్యాన్ని కొలిచే ఉమ్మడి ప్రమాణంలో ఏ1 (అన్నిటికన్నా కింది మెట్టు) నుంచి సీ2 (అన్నిటికన్నా పై మెట్టు) దాకా ఆరు స్థాయులున్నాయి. అది ప్రధానంగా చూసేది ఆ భాషతో ఏం చేయగలరన్నదే. ఏ1 విద్యార్థి, అవతలివాళ్లు నెమ్మదిగా మాట్లాడితే, తన పేరు, ఊరు చెప్పి అవే ప్రశ్నలు తిరిగి అడగగలగాలి.

మౌఖిక పరీక్ష పెట్టినా బట్టీ పట్టిన జవాబు అప్పజెప్పించుకుంటే లాభం లేదు. ఒక బొమ్మ చూపించి, "ఇతను ఎక్కడికి వెళ్తున్నాడు? ఎందుకు?" అని అప్పటికప్పుడు అడగాలి. విషయం అర్థమయ్యేలా చెబితే ఎక్కువ మార్కులివ్వాలి, వ్యాకరణ దోషానికి కొద్దిగానే తగ్గించాలి. లేకపోతే టెన్షన్‌తో పిల్లలు నోరే విప్పరు.