దశాంశాల మీద మాట్లాడబోయే ముందు

చిరంజీవి సౌమ్యకు,

హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లల ముందు "సూత్రం లేని అనంత దశాంశం ఉంటుందా" అని మాట్లాడతానన్నావు. ఉందా లేదా అన్న తగవుతో మొదలుపెట్టకు. గంట గడిచినా బోర్డు మీద ఒక్క అంకె పడదు.

ముందు 1ని 7తో భాగించు. శేషాలు 3, 2, 6, 4, 5, 1. సున్నా కాని శేషాలు ఆరే కాబట్టి ఏదో ఒకటి మళ్లీ రాక తప్పదు, 142857 తిరుగుతూనే ఉంటుంది. తర్వాత 2 వర్గమూలం: 1.41 వర్గం 1.9881, 1.42 వర్గం 2.0164. ఇక్కడ అంకెలు తిరిగిరావు, అయినా ఎన్నో అంకె అడిగినా తేల్చే పద్ధతి మూడు లైన్లలో పడుతుంది. ఈ రెండూ ఐదు నిమిషాల్లో అయిపోవాలి.

అసలు సమయం మూడో ఉదాహరణకు ఉంచుకో. ప్రోగ్రాంలన్నిటికీ వరుస నంబర్లివ్వు. వందో ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగితే వందో అంకె 1, ఆగకపోతే 0, అన్నిటికీ అలాగే. నిర్వచనం ఒక్క వాక్యం. కానీ ఆ అంకెలన్నీ వరసగా రాసిచ్చే ప్రోగ్రాం లేదు. 1936లో గణితవేత్త అలన్ ట్యూరింగ్ వేసిన దారి ఇది. సూత్రం ఉండటం వేరు, లెక్క తేలడం వేరు. పిల్లలు తడబడేది ఇక్కడే. చాయ్ చల్లారినా సరే, ఇక్కడ ఆగు.

ఆ తర్వాత, దశాంశాలన్నీ ఏ జాబితాలోనూ పట్టవని గణితవేత్త కాంటర్ 1891లో చేసిన వాదన. జాబితాలో ఒకటో సంఖ్యకు ఒకటో అంకె, రెండోదానికి రెండోది, అలా చూస్తూ పో. అది 5 కాకపోతే 5, 5 అయితే 6 రాయి. అలా వచ్చిన సంఖ్య జాబితాలో ప్రతి సంఖ్యతోనూ ఒక్క అంకెలోనైనా తేడా పడుతుంది, అంటే జాబితాలో లేనిదే. 0, 9 వాడకు: 0.4999…, 0.5 ఒకటే కాబట్టి, కొత్తదనుకున్నది పాత సంఖ్యే అయి కూర్చోవచ్చు. ఇందులో ఒక చిక్కుంది, దాచొద్దు. జాబితాకు నియమం ఉంటే, దాని నుంచి పుట్టిన సంఖ్యకూ నియమం ఉన్నట్టే. సూత్రం లేని దశాంశాన్ని వేలు పెట్టి చూపించడం ఎవరి తరమూ కాదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి వస్తుంది: "సూత్రాలను వరుసలో పెట్టొచ్చు, దశాంశాలను పెట్టలేం, అంటే సూత్రం లేనివి ఉన్నట్టే కదా మేడం?" తలూపేయకు. "సూత్రం" అంటే ప్రోగ్రాం అని ముందే కట్టడి చేసుకుంటే ఆ వాదన నిక్కచ్చి. ఏ భాషైనా సరే అని వదిలేస్తే మాత్రం, ఏ సూత్రం ఏ సంఖ్యను చెబుతోందో ఆ భాషలోనే చెప్పాల్సి వస్తుంది. 1905లో ఫ్రెంచ్ గణితవేత్త రిషార్ చూపిన వైరుధ్యం ఆ గోతిలోదే: మాటల్లో చెప్పగల సంఖ్యల జాబితా నుంచే, అందులో లేని సంఖ్యను మాటల్లో చెప్పేసినట్టవుతుంది. గణితానికి పునాదిగా వాడే సమితి సిద్ధాంతంలో వైరుధ్యం లేకపోతే, ప్రతి వాస్తవ సంఖ్యకూ (అంటే ప్రతి దశాంశానికీ) సూత్రం ఉన్న నమూనాలు, అంటే ఆ సిద్ధాంతం నియమాలన్నీ పాటించే గణిత లోకాలు, కూడా దానికి ఉంటాయని 2013లో హామ్‌కిన్స్, లినెట్‌స్కీ, రైట్జ్ అనే గణితవేత్తలు చూపారు. దశాంశాలను వరుసలో పెట్టలేమన్న కాంటర్ సిద్ధాంతం అక్కడా చెక్కుచెదరదు. అందుకే నన్నడిగితే, "ఉందా?" కన్నా "ఏ భాషలో?" అన్నదే సరైన ప్రశ్న.

లాప్‌టాప్‌లో కూడిక చూపిస్తానన్నావు, జాగ్రత్త. 0.333…, 0.666… అంకె అంకెగా వస్తుంటే, మొత్తంలో బిందువుకు ముందున్న అంకె 0 అవుతుందో 1 అవుతుందో ప్రోగ్రాం ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోవచ్చు. అంకెలు అడగొద్దు, తప్పు ఇంతలోపు ఉండే భిన్నం అడుగు. మొత్తంలో తప్పు 1/100 లోపు కావాలంటే ఒక్కోదాన్ని 1/1000 లోపు తెచ్చుకో. రెండూ కలిసినా 2/1000 దాటదు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న