పెద్దల సభ పట్టిక వేస్తున్న మేనకోడలికి

శ్రీకాకుళం

అమ్మలూ,

నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. 16వ లోక్‌సభ ఉన్న కాలంలో రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్ తరఫున ఎవరెవరున్నారో పట్టిక వెయ్యమన్నారని, వెతికితే ఒకచోట 11, ఒకచోట 17, ఇంకోచోట 18 అని లెక్క వస్తోందని, ఏది తప్పో తెలియక టెన్షన్ పడుతున్నానని అన్నావు. ఆ మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటి ఒక్కో వస్తువును లెక్కపెడుతోంది. అది తెలిస్తే నీ పని సగం అయినట్టే.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకో. రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు. 1952 ఏప్రిల్ 3న ఏర్పడిన సభ ఇప్పటికీ అదే సభ. రాజ్యాంగం 83వ అధికరణం ప్రకారం రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, వాళ్ల చోట కొత్తవాళ్లు వస్తారు, ఒక్కొక్కరిదీ ఆరేళ్ల పదవి. లోక్‌సభకైతే ఒక పుట్టుక, ఒక ముగింపు ఉంటాయి. నీ 16వ లోక్‌సభ 2014 మే 18న ఏర్పడి 2019 మే 25న రద్దయింది. ఆ రెండు తేదీల మధ్య కాలాన్ని తీసుకెళ్లి, ఆగకుండా నడిచే ఇంకో సభ మీద పరుస్తున్నావు. అంచులు కలవవు. అంచులు కలవని చోటే తప్పులన్నీ దూరతాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పట్టికే ఒకటి చార్టు మీద రాసి క్లాసు గోడకు తగిలించాను. సభ ముగిసేనాటికి ఎవరున్నారో వాళ్ల పేర్లు రాసి, అయిపోయిందనుకున్నాను. వెనక బెంచీ కుర్రాడు ఒకడు లేచి, ‘మధ్యలో చనిపోయినాయన పేరు లేదేంటి మాస్టారూ’ అన్నాడు. నిజమే, లేదు. మూడేళ్లకు పైగా సభలో కూర్చున్న మనిషిని నేను ఒక్క గీతతో లేకుండా చేశాను. ఆ రోజు చార్టు దింపేశాను. పేర్లు పట్టుకుని వెళ్లకూడదు, సీటు పట్టుకుని వెళ్లాలి అని అప్పుడే నేర్చుకున్నాను. ఒక్కొక్క సీటు తీసుకో, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అందులో ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో వరుసగా రాసుకుంటూ పో. సీటు ఖాళీగా ఉన్న రోజులుంటే, ఖాళీ అనే ఒక వరుస రాయి.

నీ పట్టిక ఖాళీతోనే మొదలవుతుంది చూడు. నేదురుమల్లి జనార్దనరెడ్డి 2014 మే 9న కన్నుమూశారు. లోక్‌సభ ఏర్పడేనాటికి ఆ సీటులో ఎవరూ లేరు. ఆ ఏడాదే ఉప ఎన్నికలో నిర్మలా సీతారామన్ ఏకగ్రీవంగా వచ్చారు. ఉప ఎన్నికలో వచ్చినవాళ్లకు కొత్తగా ఆరేళ్లు ఉండవు, పాతవాళ్లకు మిగిలిన కాలమే ఉంటుంది. అందుకే ఆమె పదవి 2016 జూన్ 21తో అయిపోయింది. ఆ తరవాత ఆమె కర్ణాటక నుంచి సభలో కొనసాగారు. నీ పట్టికలో మాత్రం ఆమె వరుస జూన్ 21న ఆగిపోవాలి.

ఇక రాష్ట్ర విభజన. ఇక్కడ కొంచెం నిదానించు. మే 18 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 18 సీట్లు. జూన్ 2 నుంచి మనకు 11, తెలంగాణకు 7. అంటే నీ కాలం మొదలైన పదిహేను రోజులకే రాష్ట్రం మారిపోయింది. మరి ఉన్న సభ్యుల్లో ఎవరు ఎటు? సొంతూరు చూడలేదు, భాష యాస చూడలేదు, చీటీలు తీశారు. లాటరీలో తెలంగాణ నాయకుడు కె. కేశవరావు మన వైపు వచ్చారు. టి. దేవేందర్ గౌడ్ కూడా మన వైపే. కె.వి.పి. రామచంద్రరావు, కడప జిల్లా మనిషి సి.ఎం. రమేశ్ తెలంగాణ వైపు వెళ్లారు. ఇది తెలియనివాళ్లు పేరు చూసి ‘ఈయన ఫలానా ప్రాంతం వాడు కదా’ అని తమకు తోచినట్టు సర్దేస్తారు. నువ్వు సర్దకు. కాగితం మీద ఏ రాష్ట్రం ఉంటే అదే రాయి, పక్కన ‘లాటరీలో కేటాయింపు’ అని ఒక ముక్క చేర్చు. సి.ఎం. రమేశ్ 2018 ఏప్రిల్ దాకా తెలంగాణ లెక్కలో ఉండి, ఆ నెలలోనే మన రాష్ట్రం తరఫున మళ్లీ సభలోకి వచ్చారు. మన పట్టికలో ఆయన 2018 నుంచే కనిపిస్తారు.

మన 11 సీట్లూ మూడు గుంపులు. నాలుగు సీట్ల గడువు 2016 జూన్ 21న, మూడింటిది 2018 ఏప్రిల్ 2న, మిగిలిన నాలుగింటిది 2020 ఏప్రిల్ 9న ముగుస్తాయి. మొదటి నాలుగులో జైరాం రమేశ్, జె.డి. శీలం, సుజనా చౌదరి, నిర్మలా సీతారామన్ ఉండగా, వాళ్ల చోట సురేశ్ ప్రభు, మళ్లీ సుజనా చౌదరి, టి.జి. వెంకటేశ్, వి. విజయసాయిరెడ్డి వచ్చారు. రెండో గుంపులో చిరంజీవి, రేణుకా చౌదరి, దేవేందర్ గౌడ్ దిగిపోగా సి.ఎం. రమేశ్, కనకమేడల రవీంద్రకుమార్, వేమిరెడ్డి ప్రభాకరరెడ్డి ఎన్నికయ్యారు. మూడో గుంపులో టి. సుబ్బిరామిరెడ్డి, ఎం.ఎ. ఖాన్, కేశవరావు, తోట సీతారామలక్ష్మి. వీళ్ల గడువు నీ కాలం దాటాక గానీ రాలేదు కాబట్టి మార్పు లేదు. ఇప్పుడు కూడి చూడు. 11 సీట్లు, 18 పదవీకాలాలు, 17 మంది మనుషులు. సుజనా చౌదరికి రెండు వరుసలు కాబట్టి ఆ ఒక్క తేడా. ఉమ్మడి రాష్ట్రపు 18 సీట్లు, ఈ 18 వరుసలు అంకె ఒకటే అయినా వేరువేరు, కలిపెయ్యకు. ఏ అంకె రాసినా అది సీట్ల లెక్కా, మనుషుల లెక్కా, వరుసల లెక్కా అన్నది దాని పక్కనే చెప్పు.

పేర్ల దగ్గర కూడా మోసపోతాం. పేపర్లో సుజనా చౌదరి అని ఉన్నాయన సభ రికార్డులో వై.ఎస్. చౌదరి. ఎం.ఎ. ఖాన్ అక్కడ మహమ్మద్ అలీ ఖాన్. అలాంటివి ఇద్దరుగా లెక్కపడకుండా ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకో.

తేదీలు ఒక్కొక్కరికీ మూడుంటాయి. ఎన్నికైన రోజు, పదవీకాలం మొదలైన రోజు, ప్రమాణం చేసిన రోజు. 2018లో మనవాళ్లు మార్చిలోనే ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు, పదవీకాలం మాత్రం ఏప్రిల్ 3 నుంచి. పట్టికలో పదవీకాలం తేదీ వెయ్యి. అది భారత ప్రభుత్వ గెజిట్‌లో దొరుకుతుంది. రాజీనామాలైతే ఉత్తరం ఇచ్చిన రోజు కాదు, ఛైర్మన్ ఆమోదించిన రోజు చూడాలి. రాజ్యసభ బులెటిన్లలో ఆ ప్రకటన ఉంటుంది. పేపర్ వార్తను దారి చూపడానికి వాడుకో, తేదీకి మాత్రం బులెటిన్‌నే నమ్ము. మన ఊళ్లో తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, చూశావు కదా. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన ఆ చోట ఒక కథ దొరికిందంటే అది ఏ పత్రికలో, ఏ సంచికలో వచ్చిందో కూడా చూస్తారు. నువ్వూ ప్రతి తేదీ పక్కన ఎక్కడ చూశావో రాసుకో. ఆరు నెలల తరవాత నీకే గుర్తుండదు.

పార్టీ కాలమ్ గురించి ఒక్కమాట. సుజనా చౌదరి, సి.ఎం. రమేశ్, టి.జి. వెంకటేశ్, వాళ్లతో పాటు తెలంగాణ లెక్కలో ఉన్న గరికపాటి మోహనరావు తెలుగుదేశం నుంచి బీజేపీలోకి వెళ్లింది 2019 జూన్ 20న. లోక్‌సభ రద్దయింది మే 25న. ఇరవై ఆరు రోజుల తేడా. నీ పట్టిక ఆఖరి రోజున వాళ్లు తెలుగుదేశమే. ఇవాళ ఎవరు ఏ పార్టీలో ఉన్నారో చూసి రాస్తే అప్పటి సభ రంగు మొత్తం మారిపోతుంది.

సభలో కనిపించినవాళ్లంతా సభ్యులు కారు. ఉపరాష్ట్రపతి హోదా వల్ల రాజ్యసభ ఛైర్మన్ అవుతారు, సభ్యుడు కాదు. వెంకయ్యనాయుడు మొదట కర్ణాటక, తరవాత రాజస్థాన్ నుంచి సభ్యుడు. 2017 ఆగస్టులో ఉపరాష్ట్రపతి అయ్యాక ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నారు, సభ్యుల పట్టికలోంచి పోయారు. మన జిల్లాకూ ఆ కుర్చీతో చుట్టరికం ఉంది. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన వి.వి. గిరి 1967 నుంచి 1969 దాకా ఉపరాష్ట్రపతిగా రాజ్యసభను నడిపారు. పాతపట్నం వాళ్లకు గర్వమే గానీ, ఆయన పేరు ఆ కాలపు సభ్యుల పట్టికలో ఉండదు. మంత్రులైతే ఏ సభలోనైనా మాట్లాడొచ్చు, ఓటు మాత్రం తమ సభలోనే. రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మందికి రాష్ట్రం ఉండదు, నీకు వాళ్లతో పని లేదు.

ఇంత తంటా ఎందుకు అని నువ్వు అడగలేదు గానీ చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. మన జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకు ఒరిగాయి. ఒక్క రాత్రిలో తరాల సంపాదన పోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ వేళ దిల్లీ పెద్దల సభలో మన రాష్ట్రం పేరున పదకొండు మంది ఉన్నారు. వాళ్లెవరు? ఉద్దానం గురించి ఎవరు లేచారు, ఎవరు లేవలేదు? చర్చల పుస్తకాలు తిప్పే ముందు ఆ పదకొండు పేర్లు సరిగ్గా తెలియాలి. పట్టిక తప్పితే లేని మనిషిని నిలదీస్తాం, ఉన్న మనిషిని వదిలేస్తాం. ఇంకోటి కూడా ఉంది. ప్రత్యేక హోదా మీద రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టిన కె.వి.పి. అప్పుడు కాగితం మీద తెలంగాణ సభ్యుడు. మన వరుసలో కూర్చున్నవాళ్లూ, మన కోసం మాట్లాడినవాళ్లూ ఎప్పుడూ ఒకరే కారు. అందుకే ఆ రెంటినీ ఒకే పట్టికలో ఇరికించకు, రెండోది విడిగా వెయ్యి.

వీలుంటే తెలంగాణ ఏడు సీట్లూ పక్కన వేసుకో, కష్టం ఎక్కువేం కాదు. అక్కడ పాల్వాయి గోవర్ధన్‌రెడ్డి 2017 జూన్ 9న చనిపోయారు. గడువు ఏడాది కన్నా తక్కువ ఉంటే ఉప ఎన్నిక పెట్టనక్కర లేదు కాబట్టి 2018 ఏప్రిల్ దాకా ఆ కుర్చీలో ఎవరూ లేరు. పది నెలలకు దగ్గర. ఆ ఖాళీ వరుస తప్పకుండా ఉండాలి.

పై పండగకి వస్తానన్నావు కదా, పట్టిక ప్రింటు తీసి పట్టుకురా. ఫోన్‌లో చూపిస్తే నా కళ్లకు ఆనదు. గెజిట్ తేదీలు నువ్వు చదువు, నేను పెన్సిల్‌తో టిక్కు పెడతాను. ముందు నిర్మలా సీతారామన్ వరుస దగ్గర మొదలుపెడదాం.

మీ అత్తయ్య నీకోసం జీడిపప్పు దాచింది.

ఆశీస్సులతో
మీ పెదమావయ్య