వాన్స్‌లో మతీస్ చాపెల్: ఒక పూట పెట్టొచ్చా అంటే…

ఫ్రాన్స్‌లోని నీస్‌లో మూడు రోజులుంటాం, ఒక పూట ఖాళీగా ఉంది, చిత్రకారుడు మతీస్ డొమినికన్ సిస్టర్ల (ఒక కేథలిక్ సన్యాసినుల సంఘం) కోసం రూపొందించిన చాపెల్‌కి, అంటే చిన్న ప్రార్థనా మందిరానికి, వాన్స్ అనే ఊరి దాకా వెళ్లొచ్చా, మేం క్రైస్తవులం కాదు, లోపలికి రానిస్తారా, పైగా చిన్న గదేనట, పది నిమిషాల్లో అయిపోతుందట, అమ్మని తీసుకుని అంత దూరం దండగేమో అని కదా అడిగారు. వెళ్లండి. రానిస్తారు, టికెట్ కొనుక్కుంటే చాలు, మతం ఎవరూ అడగరు. పది నిమిషాల్లో అయిపోతుందన్నది కూడా నిజమే, గబగబా చూసేస్తే. అందుకే కనీసం గంట చేతిలో ఉంచుకుని వెళ్లమంటాను.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఆఫీసు పని మీద ఫిబ్రవరిలో నీస్ వెళ్లాను. వాన్స్ బస్సెక్కి, దారిలో సెయింట్ పాల్ ద వాన్స్ అన్న బోర్డు కనబడగానే ఊరొచ్చేసిందనుకుని దిగిపోయాను. అది వేరే ఊరు, వాన్స్ కంటే ముందొస్తుంది. బాగానే ఉంటుందిలెండి, చిత్రకారుడు షగాల్ సమాధి అక్కడే ఉంది, కానీ నేను వెళ్లింది అందుకు కాదుగా. మళ్లీ బస్సు పట్టుకుని వాన్స్‌లో దిగి, అక్కణ్నుంచి నడుచుకుంటూ చేరేసరికి మధ్యాహ్న విరామం, తలుపు మూసేశారు. రెండింటికి నాకు మీటింగు. బయట నిలబడి నీలం తెలుపు పెంకుల కప్పునీ దాని మీద సన్నటి ఇనుప శిలువనీ కాసేపు చూసి, ఊళ్లోకొచ్చి కథీడ్రల్‌లో (పెద్ద చర్చి) షగాల్ చేసిన మొజాయిక్, అంటే రంగుముక్కలు అతికిన బొమ్మ, చూసుకుని (నీళ్లలో దొరికిన పసివాడు మోషే, అదీ బావుంది) వెనక్కి వెళ్లిపోయాను. ఇంత చేశాక వదలాలనిపించక మర్నాడు పొద్దున్నే మళ్లీ బయల్దేరాను. ఆ రోజు పదింటికే లోపలున్నాను, అదే నా అదృష్టం.

ఎందుకంటే అక్కడ చూడాల్సింది గోడలూ కిటికీలూ మాత్రమే కాదు, వాటి మధ్య వెలుతురు చేసే పని. గది నిజంగా చిన్నది, పదిహేను మీటర్ల పొడవుంటుందేమో. లోపలంతా తెల్లటి పెంకులు, నిజం చెప్పాలంటే అడుగుపెట్టగానే నాకు బాత్రూమ్ టైల్స్ గుర్తొచ్చాయి. వాటి మీద నల్లటి గీతలతో బొమ్మలు: సెయింట్ డొమినిక్ (ఈ సిస్టర్ల సంఘానికి ఆయన పేరే), బాలయేసుతో మరియమ్మ. ముఖాల్లో కళ్లూ ముక్కూ ఏమీ లేవు, వట్టి కోడిగుడ్డు ఆకారం. కిటికీల్లో మూడే రంగులు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఇంతేనా అనుకున్నాను. ఓ మూల కుర్చీలో కూలబడ్డాను, కాళ్లు నొప్పిగా ఉండి, అంతే.

కాసేపటికి ఎండ కిటికీల మీదికి తిరిగింది. తెల్లటి పాలరాతి నేల మీద పసుపు మరక ఒకటి పడి, దాని పక్కనే నీలం వచ్చి, మెల్లగా నా బూటు మీదికి, తర్వాత మోకాలి మీదికి పాకాయి. గోడ మీది నల్లగీతల మరియమ్మకి ఎవరో చీర కట్టినట్టు రంగొచ్చింది. ఇంకో విచిత్రం, గది మొత్తంలో ఎరుపనేది ఎక్కడా లేదు, అయినా పాపసంకీర్తన గది (ఫాదర్‌కి తప్పులు చెప్పుకునే చోటు) తెల్లటి తలుపు దగ్గర లేత వంకాయరంగు నీడ కనబడింది నాకు. అన్ని పసుపు పచ్చల మధ్య ఉండుండి కళ్లు తమంతట తాము పుట్టించుకునే రంగట అది. పసుపు గాజు మాత్రం మసకగా చేశారు, దానిలోంచి అవతల ఏమీ కనబడదు, నీలం ఆకుపచ్చల్లోంచి తోటలో చెట్లు కనిపిస్తాయి. చలికాలం పొద్దున పదకొండు ప్రాంతం ఇక్కడ మంచి సమయమని మతీసే అన్నాడట. మీరు వెళ్లేది ఏ నెలైనా సరే, మధ్యాహ్నానికి కాకుండా పొద్దున పెట్టుకోండి.

వెనక గోడ మీద సిలువ మార్గం ఉంటుంది, అంటే సిలువ మోస్తూ యేసు చేసిన చివరి ప్రయాణంలోని ఘట్టాలు. పద్నాలుగు స్థలాలూ వరసగా కాకుండా ఒకే గోడ మీద కింది నుంచి పైకి మెలికలు తిరుగుతూ గీశాడు, పక్కన చేతిరాత అంకెలు. గీతలు గరుగ్గా, హడావిడిగా ఉంటాయి, చాలామందికి నచ్చదు, నా పక్కనున్నాయన పెదవి విరిచాడు కూడా. నాకైతే అదే ఎక్కువ పట్టుకుంది. దారిలో యేసు ముఖం తుడిచిన వెరోనికమ్మ గుడ్డ మీద అచ్చుపడిన ఆయన ముఖం వెతకండి, కళ్లూ ముక్కూ ఉన్న ముఖం నాకు అదొక్కటే కనబడింది.

వెళ్లేముందు కథ కాస్త తెలుసుకుంటే ఇదంతా ఇంకోలా కనిపిస్తుంది. 1941లో మతీస్‌కి కేన్సర్ ఆపరేషన్ అయింది. తర్వాత రాత్రిపూట చూసుకోడానికి నర్సుగా వచ్చినమ్మాయి మోనిక్ బూర్జువా, ఆయన బొమ్మలకి మోడల్‌గా కూడా కూర్చుంది. కొన్నాళ్లకి ఆమె సన్యాసినుల మఠంలో చేరి సిస్టర్ జాక్ మరీ అయింది. మతీస్ 1943లో వాన్స్‌లో ఇల్లు తీసుకున్నాడు, తర్వాత ఆమె కూడా ఆ రోడ్డులోనే ఉన్న సిస్టర్ల ఇంటికొచ్చింది. వాళ్లు అప్పట్లో ఒక పాత గ్యారేజీలో ప్రార్థన చేసుకునేవాళ్లు. ఆమె ఓ కిటికీ కోసం గీసిన బొమ్మ ఆయనకి చూపించింది, అక్కణ్నుంచి మొదలైన పని 1951 జూన్ 25న చాపెల్ ప్రతిష్ఠతో ముగిసింది, ఆ రోజు ఆరోగ్యం బాగోక ఆయన రాలేకపోయాడు. ఎనభై ఏళ్ల మనిషి, పొడవాటి వెదురు కర్ర చివర బొగ్గు కట్టుకుని సాధన చేసి ఆ గీతలు గీశాడు. ముగ్గులో ఒక్క గీత తప్పితే చూసేవాళ్లకి ఎలా తెలిసిపోతుందో ఇక్కడా అంతే, దాక్కోడానికి చోటు లేదు.

ఇక మర్యాదలు. అది మ్యూజియం కాదు, సిస్టర్ల ప్రార్థనా స్థలం. బలిపీఠానికి (పూజ జరిపే రాతి బల్ల) ఓ పక్క జనానికి, ఇంకో పక్క సిస్టర్లకి చోటు, ఇద్దరికీ ఎదురుగా ఉండాలని బలిపీఠాన్ని కాస్త వాలుగా తిప్పి పెట్టారు. పూజలో పంచే రొట్టెని గుర్తుచేస్తుందని దానికి గోధుమరంగు రాయి ఎంచుకున్నాడట మతీస్. లోపల ఫొటోలు తీయనివ్వరు, ఫోన్ జేబులో పెట్టేయండి. భుజాలు కప్పే బట్టలు వేసుకుంటే ఇబ్బంది ఉండదు. చెప్పులు ఎక్కడ విడవాలా అని నేను గుమ్మం దగ్గర అటూ ఇటూ చూశాను, అక్కర్లేదు. పక్క గదిలో పూజారులు వేసుకునే వస్త్రాలకి ఆయన వేసిన డిజైన్లుంటాయి, అమ్మగారికి అవే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యపోను.

వారంలో కొన్ని రోజులు, కొన్ని పూటలు మూసి ఉంటుంది, ఏడాదిలో కొన్ని వారాలు అసలు తెరవరు కూడా, కాబట్టి వాళ్ల సైట్‌లో వేళలు చూసుకునే బస్సెక్కండి. వాన్స్ బస్టాపు నుంచి పావుగంటో ఇరవై నిమిషాలో నడక, లోపలికి కొన్ని మెట్లు దిగాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఊళ్లోంచి టాక్సీ మాట్లాడుకోండి. బస్సు డ్రైవర్‌కి మాత్రం వాన్స్ అని గట్టిగా చెప్పండి, సెయింట్ పాల్ బోర్డు చూసి లేచి నిలబడకండి.